నోటరీ గారి పద్నాలుగు పాదాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాసి ఇమ్మని సంపాదకులు గారు కోరారు. కోరుతూనే, పేజీలు మించకూడదని కూడా హెచ్చరించారు. కిందటిసారి డి.ఎ. బకాయిల మీద నేనిచ్చిన వ్యాసం ఏడు పేజీలు కాగా అందులో మూడు కోతకు గురయ్యాయి. ఆ సంగతి ఆయనకూ గుర్తుంది, నాకూ గుర్తుంది. అందుచేత ఈసారి కొలత దాటటానికే వీల్లేని ఒక పద్యం కథ వ్రాద్దామని కూర్చున్నాను. దాని పేరు సానెట్. పద్నాలుగు పాదాలు. పదిహేనో పాదం వ్రాస్తే అది సానెట్ కాదు.

నాకు నీటికాసులు. ఎడమ కంటి చూపు పూర్తిగా పోయింది, కుడి కంటికి అంచులు చెరిగిపోయి నడిమి భాగం మాత్రం మిగిలింది. పేపరు గానీ పుస్తకం గానీ మా మనవరాలే చదివి వినిపిస్తుంది. డిగ్రీ చదువుతోంది. ఒకనాడు తన ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోంచి ఒక సానెట్ చదివి, "తాతయ్యా, పద్నాలుగే ఎందుకు? కవికి ఇంకో రెండు పాదాలు చెప్పాలనిపిస్తే?" అని అడిగింది. "రూలు అది" అన్నాను. ముప్ఫై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడి నోట ముందుగా వచ్చే జవాబు అదే కదా. పిల్ల ఊరుకోలేదు. ఆ రూలు ఎవరు పెట్టారో కనుక్కుందామని ఇద్దరం కూర్చుని, అది చదువుతుంటే నేను వింటూ, రెండు వేసవి నెలలు గడిపాము. తెలిసిన సంగతుల్లో మొదటిదే నన్ను కుర్చీలోంచి లేపింది. ఆ రూలు పెట్టినవాడు కవిగా కంటె ముందు ఒక ప్రభుత్వోద్యోగి. ఇంకా చెప్పాలంటే మన రిజిస్ట్రేషన్ శాఖ మనిషి!

పేరు జాకొమో ద లెంటీని. పదమూడవ శతాబ్దంలో సిసిలీ రాజ్యాన్నేలిన ఫ్రెడరిక్ చక్రవర్తి (1194–1250) కొలువులో నోటరీ. అంటే రాజపత్రాలూ దస్తావేజులూ వ్రాసి, ధ్రువపరచి, సంతకం చేసే ఉద్యోగం. 1233లోనూ 1240లోనూ ఆయన నోటరీ హోదాలో ఉన్నట్టు తెలిపే పత్రాలు ఉన్నాయి. ఆయన తోటివాళ్ళు, తర్వాతి తరంవాళ్ళు ఆయన్ని పేరు పెట్టి పిలవటం కంటె "నోటరీ" అని హోదాతోనే పిలిచారు. దాంతే మహాకవి కూడా తన పెద్ద కావ్యంలో, ప్రాయశ్చిత్త లోకాన్ని వర్ణించేచోట, ఈయన్ని హోదాతోనే తలుచుకున్నాడు. మనలో కొందరిని "సూపరింటెండెంటు గారు" అని రిటైరైన ఇరవై ఏళ్ళ తరువాత కూడా పిలవటం లేదూ, అలాగన్నమాట.

ఆ ఫ్రెడరిక్ కొలువు సామాన్యమైనది కాదు. 1224లో నేపుల్స్‌లో విశ్వవిద్యాలయం స్థాపించాడు; అందులో ఆయన ప్రధానోద్దేశం తన ప్రభుత్వానికి చదువుకున్న ఉద్యోగులను తయారు చేసుకోవటం. 1231లో ఒక పెద్ద శాసన సంహిత వెలువరించాడు. అందులో ఒక నిబంధన వినగానే నేను మనవరాలిని మళ్ళీ చదవమన్నాను: సర్కారు దస్తావేజులు కాగితం మీద వ్రాయకూడదు, తోలుపత్రం మీదనే వ్రాయాలి. కాగితం అప్పుడు కొత్త సరుకు, నిలవదని భయం. వర్షాకాలంలో చెమ్మకు ఉబ్బిపోయిన వాల్యూములను ఎండలో ఆరబెట్టిన మన రికార్డు రూము మనుషులకు ఆ భయం ఒకరు చెప్పాలా?

ఇటువంటి చోట 1230 ప్రాంతంలో సానెట్ పుట్టింది. నోటరీ గారివిగా చెప్పే సానెట్లు ఇంచుమించు పాతిక మిగిలాయి. సిసిలీ పల్లెల్లో ఎనిమిది పాదాల పాటలు ఉండేవనీ, ఆయన వాటికి ఆరు పాదాలు తగిలించాడనీ పలువురు పండితుల అభిప్రాయం. ఆ ఆరు ఎక్కడినుంచి తెచ్చాడన్నది మాత్రం ఇప్పటికీ తేలని పేచీ. మాటకు అర్థం "చిన్న నాదం" అయినా, వాద్యం మీద పాడటానికి కాక కంటితో చదువుకోవటానికి పుట్టిన పద్యమిది అని వాదించేవారు ఉన్నారు. ఆ వాదం నాకు నచ్చింది. కచేరీలో పుట్టింది గనుక ఫైలులా చేతులు మారి ఉంటుంది. ఊరికే అనటం లేదు. ప్రేమ అనేది నిజంగా ఉన్న వస్తువా, లేక మనసు కల్పించుకున్నదా అని జాకొపో మొస్తాచ్చి అనే కొలువు మనిషి ఒక సానెట్‌లో ప్రశ్న వేశాడు. దానికి చక్రవర్తి దగ్గర మహామంత్రి వంటి పియెర్ దెల్లా విన్యా ఒక సానెట్‌లో జవాబిచ్చాడు. దాని మీద నోటరీ గారు తన అభిప్రాయం మరొక సానెట్‌లో నమోదు చేశారు. ప్రశ్న, సమాధానం, తుది నోట్. మూడూ పద్నాలుగేసి పాదాలే. పాపం ఆ విన్యా గారి గతి మాత్రం వేరు. 1249లో రాజద్రోహం ఆరోపించి కళ్ళు తీయించారు. చెరలోనే ప్రాణం తీసుకున్నాడు. పద్యం పంపుకున్న కొలువే అది కూడా.

ఇప్పుడు దాని కట్టడి సంగతి. మొదటి ఎనిమిది పాదాలు ఒక దళం, తరువాతి ఆరు ఒక దళం. ఎనిమిదిలో విషయం పరుచుకుంటుంది. తొమ్మిదో పాదం దగ్గర "అయితే" అనో "కాని" అనో ఒక మలుపు వస్తుంది. ఆరింటిలో అది తేలుతుంది, లేదా తేలక మరింత లోతుకు దిగుతుంది. మనవాళ్ళకు అర్థం కావటానికి రెండు పోలికలు చెబుతాను. మొదటిది సీస పద్యం. నాలుగు పెద్ద పాదాలు, అచ్చులో ఎనిమిది వరుసలుగా పడతాయి. దాని కింద తేటగీతో ఆటవెలదో, నాలుగు వరుసల ఎత్తుగీతి. సీసంలో వర్ణన సాగి సాగి, ఎత్తుగీతిలో అసలు మాట పడుతుంది. అది పడేటప్పుడు సభలో తలలు ఊగుతాయి చూడండి, సానెట్‌లోని మలుపు ఆ చోటే. రెండో పోలిక మన ఆఫీసు నోట్. "పై విషయమై సమర్పించునది" అని మొదలుపెట్టి సంగతులన్నీ చెప్పి, "అయినప్పటికీ" అని ఒక పేరా, కింద "ఉత్తర్వులకై" అని ముగింపు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసరు గారు నా మూడు పేజీల నోట్‌ను వెనక్కి పంపి, మార్జినులో "అర పేజీ" అని ఒక్క మాట వ్రాశారు. కోపమొచ్చింది. రెండు రోజులు పట్టింది. అర పేజీకి దించేసరికి నాకు తెలియకుండానే ఆ కేసులో అసలు తిరకాసు ఎక్కడుందో బయటపడింది. మూడు పేజీల్లో అది దాక్కుని ఉంది.

సానెట్ ఆకర్షణలో మొదటిది ఇదేనని నా నమ్మకం. స్థలం తక్కువైతే మనిషి ఏది విడిచిపెట్టాలో తేల్చుకోక తప్పదు.

సిసిలీ నుంచి ఇటలీ ఉత్తరాదికి పోయి, దాంతే చేతిలో పడి, చివరకు పెట్రార్క్ (1304–1374) దగ్గర ఈ రూపం స్థిరపడింది. ఆయన జీవితకాల సంకలనంలో 366 పద్యాలు ఉంటే అందులో 317 సానెట్లే. దాదాపు అన్నీ లారా అనే ఒక్క స్త్రీని గూర్చి. 1327 ఏప్రిల్ 6న అవిన్యోన్ నగరంలో ఒక చర్చిలో ఆమెను మొదటిసారి చూశానని ఆయనే చెప్పుకున్నాడు. 1348లో, ప్లేగు ఐరోపాను ఊడ్చుకుపోయిన ఏడు, మళ్ళీ అదే ఏప్రిల్ 6న ఆమె మరణించింది. ఆ కబురు అందినప్పుడు పెట్రార్క్ ఏం చేశాడంటే, తన దగ్గరున్న వర్జిల్ కావ్య ప్రతి మొదట్లోని ఖాళీ తోలుపత్రం మీద లాటిన్‌లో ఒక నమోదు వ్రాసుకున్నాడు: చూసిన సంవత్సరం, నెల, తేదీ, చోటు, పోయిన సంవత్సరం, నెల, తేదీ. ఆ ప్రతి నేటికీ మిలాన్‌లో అంబ్రోజియానా గ్రంథాలయంలో ఉంది. అచ్చం జనన మరణాల రిజిస్టరు. ఇక సానెట్లలో చూద్దామంటే ఇటువంటి వివరాలు బహు తక్కువ. ఆమె ఎవరి కూతురో, ఏ వీధిలో ఉండేదో, ఎంత వయస్సో మనకు తేలదు. జుట్టు, కళ్ళు, గాలి, ఒక నడక, అంతే. రిజిస్టరులో ఎక్కినది పద్యంలో చాలా తక్కువ, పద్యంలో ఎక్కినది రిజిస్టరులో లేదు. ఒకే మనిషి రెండూ వ్రాశాడు. ఈ సంగతి మీద నేను మళ్ళీ వస్తాను.

ఇంగ్లండుకు ఇది ఆలస్యంగా చేరింది. పద్నాలుగో శతాబ్దం చివర్లో చాసర్ కవి పెట్రార్క్ సానెట్ ఒకదాన్ని తన కావ్యంలో పెట్టుకున్నాడు గాని, దాన్ని సానెట్‌గా ఉంచలేదు. ఏడేసి పాదాల పద్యాలు మూడు, అంటే ఇరవై ఒక్క పాదాలకు సాగదీశాడు. మరో నూట యాభై ఏళ్ళకు, ఎనిమిదో హెన్రీ కొలువులో రాయబారిగా ఇటలీ వెళ్ళివచ్చిన థామస్ వయట్, ఆ తరువాత సర్రే ప్రభువు దీన్ని ఇంగ్లీషులో నిలబెట్టారు. సర్రే తలను 1547 జనవరిలో నరికించారు. ఇద్దరి పద్యాలూ 1557లో ఒక సంకలనంలో అచ్చయి జనంలోకి వచ్చాయి.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఇటాలియన్ మన తెలుగులాగే అజంత భాష, మాటలు అచ్చులతో ముగుస్తాయి. మన భాషను ప్రాచ్య ఇటాలియన్ అని మురిపెంగా పిలవటం అందుకే గదా. కాబట్టి వాళ్ళకు అంత్యప్రాసలు దొడ్లో కూరగాయల్లాంటివి. పెట్రార్క్ ఎనిమిది పాదాలనూ రెండే రెండు ప్రాసలతో నడిపేవాడు. ఒక్కో ప్రాసకు నాలుగు మాటలు కావాలి. ఇంగ్లీషులో మాటలు హల్లులతో తెగిపోతాయి, ఒక్కోదానికి నాలుగు జత మాటలు దొరకటం కష్టం. సర్రే ఉపాయం చేసి, మూడు చతుష్పాదులు, ఆఖర్ని ఒక ద్విపద పెట్టి, ఏడు ప్రాసలకు సడలించాడు. మనం షేక్‌స్పియర్ పద్ధతి అనుకునేది ఇదే. ఈ సడలింపుతో పాటు ఒక మార్పు కూడా వచ్చింది. ఆరు పాదాల్లో నెమ్మదిగా తేలవలసినది ఆఖరి రెండు పాదాల్లో టక్కున తేలాలి. బాగా కుదిరితే రబ్బరు స్టాంపు గుద్దినట్టు ఉంటుంది. కుదరకపోతే కూడా రబ్బరు స్టాంపు గుద్దినట్టే ఉంటుంది. షేక్‌స్పియర్ సానెట్లు 154, 1609లో అచ్చయ్యాయి. అంతటివాడి ద్విపదలు కూడా కొన్నిచోట్ల పైన చెప్పిన బాధను తొందరపడి మూసేసినట్టు నాకు అనిపించింది. పెద్దలు క్షమించాలి. ఆయన కూడా కొలతను మూడుచోట్ల తప్పాడు, మా మనవరాలు లెక్కపెట్టింది: 99వ సానెట్‌లో పదిహేను పాదాలు, 126వ దానిలో పన్నెండు, 145వ దానిలో పాదాలే పొట్టి.

1590లలో సానెట్ ఒక అంటువ్యాధి. పేరున్న ప్రతివాడూ ఒక స్త్రీని నిలబెట్టి మాల కట్టాడు. మన శతకాల రోజుల్లా అన్నమాట. ఫిలిప్ సిడ్నీ మాలలో సానెట్లు సరిగ్గా 108! మన శతక సంఖ్యతో దానికి సంబంధమేమీ లేదు. గ్రీకు కథలో పెనెలొపీని కోరివచ్చిన పురుషుల సంఖ్య అదని, సిడ్నీ ఉద్దేశించిన స్త్రీ పేరు పెనెలొపీ గనుక ఆ లెక్క అని చెబుతారు. అయినా విన్నప్పుడు కాస్త ముచ్చటేసింది.

తరువాత మోజు తీరిపోయింది. 1755లో జాన్సన్ పండితుడు తన నిఘంటువులో, ఈ రూపం ఇంగ్లీషుకు అంతగా ఒదగదనీ మిల్టన్ తరువాత చెప్పుకోదగ్గవాడెవడూ దీన్ని చేపట్టలేదనీ తీర్పు వ్రాశాడు. దాన్ని మళ్ళీ లేపినవారిలో ఒక స్త్రీ ముఖ్యురాలు. శార్లెట్ స్మిత్ అని, పన్నెండుమంది బిడ్డలను కన్నతల్లి. భర్త అప్పులపాలై జైల్లో పడితే, 1784లో తన సానెట్లను తానే ఖర్చు పెట్టుకుని అచ్చు వేయించింది. అవి అమ్ముడుపోయి మళ్ళీ మళ్ళీ అచ్చయ్యాయి. వారసత్వపు ఆస్తి దావా కోర్టులో ఏళ్ళతరబడి నలుగుతూ ఉంటే కలం మీద సంసారం ఈదింది. సానెట్‌తోనే బతకలేదు, నవలలు కూడా వ్రాయవలసి వచ్చింది. తీరికలేని తల్లికి రాత్రిపూట పద్నాలుగు పాదాలైనా పూర్తవుతాయి గదా అని నాకొక ఆలోచన. ఇది నా ఊహ మాత్రమే.

ఇక వర్డ్స్‌వర్త్. ఈయన కూడా మన శాఖే! 1813 నుంచి వెస్ట్‌మొర్లండ్ ప్రాంతానికి స్టాంపుల పంపిణీ అధికారి. 1842లో ఆ పని కొడుక్కి అప్పగించి, ఏటా మూడు వందల పౌన్ల సర్కారు పింఛను పుచ్చుకున్నాడు. 1802 మే నెలలో చెల్లెలు డొరొతి మిల్టన్ సానెట్లు చదివి వినిపిస్తే ఆయనకు మంట అంటుకుంది. ఇరుకైన గదుల్లో సన్యాసినులు తృప్తిగా ఉన్నట్టే ఈ చిన్న స్థలంలో తనకు హాయి అనే అర్థం వచ్చే సానెట్ కూడా ఒకటి వ్రాశాడు. స్వేచ్ఛ ఎక్కువైనవాడికి నాలుగు గోడలు విశ్రాంతి అని దాని సారం. నాకు నచ్చిన మాటే. అయితే అలవాటు ముదిరింది. జీవితంలో ఐదు వందలకు పైగా సానెట్లు వ్రాశాడు. ఇంగ్లండు మత చరిత్ర మొత్తాన్ని సానెట్ల వరుసగా నడిపాడు. చరిత్రకు కావలసింది కారణం, ఫలితం, మళ్ళీ కారణం. పద్నాలుగు పాదాలకోసారి మలుపు తిప్పి తలుపు వేస్తుంటే అది రైలు పెట్టెల్లా కనిపిస్తుంది గాని ప్రయాణంలా ఉండదు. డెబ్భై ఏళ్ళ ప్రాంతంలో మరణశిక్షను సమర్థిస్తూ పద్నాలుగు సానెట్లు వ్రాసి 1841లో ప్రకటించాడు. ఉరిశిక్ష వంటి సంగతిలో ఎదుటివాడి వాదాన్ని పూర్తిగా వినాలి. ఈ రూపానికి ఆ ఓపిక లేదు. అది ముగిసి తీరాలి గనుక, ముగింపు రాని విషయానికి కూడా ముగింపు వచ్చినట్టు భ్రమ కల్పిస్తుంది. సానెట్ పరిమితుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే అంటాను.

మన దేశం సంగతి ఒకటి చెప్పకపోతే తప్పవుతుంది. భారతీయ భాషల్లో సానెట్‌ను దృఢంగా నాటినవాడు బెంగాలీ మహాకవి మైకేల్ మధుసూదన్ దత్. 1866లో వచ్చిన ఆయన పుస్తకం పేరే చతుర్దశపది కవితావళి. ఫ్రాన్సులో వర్సాయిలో, కలకత్తా నుంచి రావలసిన డబ్బు రాక భార్యాబిడ్డలతో అల్లాడుతూ, ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పంపిన డబ్బుతో గట్టెక్కుతూ వ్రాశాడు. విద్యాసాగర్ మీదా ఒక సానెట్ ఉంది అందులో. బెంగాలీలో పయార్ అనే పాత ఛందస్సుకు పాదానికి పద్నాలుగు అక్షరాలు. పద్నాలుగు పాదాలు పద్నాలుగేసి అక్షరాలతో, తాళానికి తాళంచెవిలా పట్టేసింది. అన్నట్టు, ఈ మధుసూదనుడు అంతకు ముందు 1848 నుంచి 1856 దాకా మదరాసులో ఉన్నాడు. 1849లో మిత్రుడికి వ్రాసిన జాబులో తన దినచర్య చెబుతూ, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు గంటల దాకా తెలుగూ సంస్కృతమూ చదువుతానని వ్రాసుకున్నాడు!

మరి ఆయన నేర్చుకున్న తెలుగులో సానెట్ ఎందుకు అంతగా వేళ్ళు తన్నలేదు? నా అల్పబుద్ధికి తోచింది చెబుతాను. తెలుగులో అంత్యప్రాస మరీ సులువు. క్రియలన్నీ ఒకేలా ముగుస్తాయి. వచ్చింది, పోయింది, చచ్చింది అంటూ ఎంతసేపైనా నడపవచ్చు. కష్టం లేనిచోట కట్టడికి విలువ ఉండదు. అందుకే మన పెద్దలు తాళం వేరేచోట వేశారు. పాదంలో రెండో అక్షరానికి ప్రాస, నడుమ యతి. ఆ ఇల్లు మనకు ముందే కట్టి ఉంది. అందులో సీసం ఉంది. కొత్త గది ఎవరికి కావాలి?

మిల్టన్‌ను కావాలనే చివరకు అట్టేపెట్టాను. 1649 మార్చి నుంచి ఆయన ఇంగ్లండు ప్రభుత్వంలో విదేశీ భాషల కార్యదర్శి. పరదేశపు రాజులకు వెళ్ళే ఉత్తరాలను లాటిన్‌లో తయారుచేసే ఉద్యోగం. 1652 నాటికి, నలభై మూడో ఏట, రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి. ఉద్యోగం మాత్రం తీసేయలేదు, సహాయకుల తోడుతో కొనసాగాడు. 1655లో ఆయన జీతం తగ్గించి జీవితాంతం ఇచ్చే పింఛనుగా మార్చాలని ఉత్తర్వు పడింది. (పింఛను లెక్కల మీద తకరారు ఆనాడూ ఉన్నదన్నమాట.) అదే ఏడు ఏప్రిల్‌లో ఆల్ప్స్ లోయల్లో వాల్డెన్సియన్లు అనే ప్రొటెస్టెంటు జనాన్ని సవాయ్ ప్రభువు సేనలు ఊచకోత కోశాయి. క్రామ్‌వెల్ తరఫున నిరసన లేఖలను లాటిన్‌లో తయారుచేసింది మిల్టనే. ఆఫీసు పనిగా ఆ మర్యాద భాష అంతా పూర్తిచేసి, తన సొంతంగా అదే విషయం మీద ఒక సానెట్ చెప్పాడు. ఉత్తరంలో పట్టని కోపం పద్యంలో పట్టింది. వాక్యాలు పాదాల అంచులు దాటి కింది పాదాల్లోకి దూకుతూ ఉంటాయి. మనవరాలు చదువుతుంటే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియక తడబడింది.

జాన్సన్ ఏమన్నాడంటే, మిల్టన్ కొండరాతిలోంచి మహావిగ్రహం చెక్కగలవాడే గాని పండు గింజ మీద ముఖాలు చెక్కటం చేతకానివాడు అనే భావంతో మాట్లాడాడట. గింజల మాట జాన్సన్‌కు తెలియలేదనే నేను అంటాను. మిల్టన్ సానెట్లు పాతిక లోపే. ఎక్కడ పట్టదో ఆయనకు తెలుసు. ఒకసారి పద్నాలుగు చాలక, ఇటలీవాళ్ళు అనుమతించిన తోక పద్ధతిలో మరో ఆరు పాదాలు అనుబంధంగా తగిలించాడు. ఆదాము కథకు పదివేల పాదాలు దాటిన కావ్యం ఎత్తుకుని, అందులో అంత్యప్రాసే వద్దన్నాడు. ఏ కాగితం మీద ఏది వ్రాయాలో ఎరిగిన కార్యదర్శి.

తన అంధత్వం మీద వ్రాసిన సానెట్ పాఠ్యపుస్తకాల్లో చాలామంది చదివే ఉంటారు. చూపు పోయినవాడు ఇక పని చేయలేడు, వాడి సేవకు లెక్క ఉందా లేదా అని ఫిర్యాదులా మొదలవుతుంది. మలుపు తొమ్మిదో పాదం దాకా ఆగదు, ఎనిమిదో దాని నడుమనే ఓపిక అనేది మనిషిలా లేచి అడ్డుపడి జవాబు చెబుతుంది. రూలు ప్రకారం అది తప్పు. ఫిర్యాదు ముగిసేదాకా ఆగలేదు గనుకనే అది ఓపిక మాట నిజమనిపిస్తుంది నాకు.

రెండోది ఆయన పోయిన భార్య మీద వ్రాసింది. కలలో ఆమె వస్తుంది. తెల్లని బట్టలు, ముఖం మీద ముసుగు. దగ్గరకు వంగుతుంది. ఆయనకు మెలకువ వస్తుంది. లోకానికి తెల్లవారుతుంది, ఆయనకు చీకటి పడుతుంది. అంతే పద్యం. అందులో ఆమె పేరు లేదు. ఆయనకు అప్పటికి ఇద్దరు భార్యలు పోయారు. మేరీ 1652లో, క్యాథరిన్ 1658లో. ఏ భార్యో పండితులు ఇంకా తగవులాడుతూనే ఉన్నారు. క్యాథరిన్‌ను చేసుకునేనాటికి ఆయన గుడ్డివాడు, ఆమె ముఖం ఎన్నడూ చూసి ఎరుగడు. ముసుగు అందుకేనని ఒకరంటారు. పేరూ తేదీ వ్రాసి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. గుమాస్తాగా నాకు ఆ లోపం కొట్టొచ్చినట్టు కనిపించింది. విన్నవాడిగా మాత్రం కనిపించలేదు.

మన వార్తాలేఖలో "శ్రద్ధాంజలి" శీర్షిక ఆరేళ్ళుగా నేనే వ్రాస్తున్నానని మీకు తెలుసు. ఒక్కొక్కరికి ఐదు పంక్తులు. పేరు, హోదా, పదవీ విరమణ తేదీ, కాలం చేసిన తేదీ, భార్యాపిల్లలు. పెట్రార్క్ తన వర్జిల్ మొదటి పత్రం మీద వ్రాసుకున్నట్టే. అందులో తప్పు రాకూడదు. కుటుంబ పింఛను కాగితాలకు ఆ వార్తను జత చేసినవాళ్ళు కూడా ఉన్నారు. కిందటి ఏడు నాతో ఏడేళ్ళు పనిచేసిన రికార్డు అసిస్టెంటు ఒకాయన పోయాడు. కరెంటు పోయి గది చీకటైనా, ఏ సంవత్సరం వాల్యూము అడిగినా బీరువాల మధ్య నడిచి వెళ్ళి చేత్తో తడిమి తెచ్చి ఇచ్చేవాడు. ఒక్కసారీ తప్పలేదు. ఆ సంగతి ఐదు పంక్తుల్లో పట్టలేదు. నా చూపు తగ్గాక ఇంట్లో గోడలు తడుముకుంటూ నడుస్తుంటే రోజూ ఆయనే గుర్తుకొస్తాడు.

మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఆమె సంఘ సభ్యురాలు కాదు గనుక ఆ శీర్షికలో రాలేదు. నా ఉద్యోగంలో పదకొండు బదిలీలు. పదకొండుసార్లు ఇల్లు మూటకట్టింది, పదకొండుసార్లు విప్పింది. ఏ ఊరు వెళ్ళినా బండి దిగగానే ఆమె అడిగే మొదటి మాట "నీళ్ళెక్కడ?" అని. ఇల్లెలా ఉందని ఎన్నడూ అడగలేదు. మిల్టన్ సానెట్ విన్న వారం రోజులకు నేనూ ఆమె మీద పద్నాలుగు పాదాలు చెప్పి మనవరాలిచేత వ్రాయిద్దామని కూర్చున్నాను. మొదట పెళ్ళి, అత్తగారిల్లు, పిల్లల చదువులు, ఆమె మోకాళ్ళ నొప్పులు, ఆసుపత్రి, అన్నీ పెట్టబోయాను. నలభై పంక్తులైనా కొసకు రాలేదు. అన్నీ కొట్టేయించి, నీళ్ళ మాట ఒక్కటే ఉంచాను. ఊళ్ళు, బావులు, వీధి కుళాయిలు, ఇత్తడి బిందె. ఎనిమిది పాదాలు కుదిరాయి. మనవరాలు బాగుందంది. తరువాతి ఆరు నెలల తరబడి రావటం లేదు. "కాని" అని ఒక మాట వ్రాయించి ఆపాను. ఆ కాగితం దాని పుస్తకంలోనే ఉంది.

సంపాదకులు గారిచ్చిన పేజీలు నిండినట్టున్నాయి. ఈ నెల శ్రద్ధాంజలికి ఇద్దరి పేర్లు వచ్చాయని కార్యదర్శి గారు నిన్న ఫోను చేశారు. ఈసారి నుంచి మనిషికి ఇంకొక్క పంక్తి ఇప్పించమని అడిగాను. కార్యవర్గంలో పెట్టి చూద్దామన్నారు.